స్వతంత్ర సంగీత విడుదలకు సరైన రూపం ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమా సంస్థల అండ గానీ ఆడియో కంపెనీల పెట్టుబడి గానీ లేకుండా, సొంత ఖర్చుతో పాటలు రికార్డు చేసుకుని విడుదలకు సిద్ధమవుతున్న తెలుగు గాయకులు, వాద్యకారులు, జానపద బృందాల కోసం ఈ జవాబులు రాశాను. రికార్డింగు మీద పెట్టినంత శ్రద్ధ రూపం ఎంపిక మీద పెట్టకపోవడం వల్ల మంచి పాటలు వినేవారి దాకా చేరకుండా మిగిలిపోతున్నాయన్నది నా బాధ.

పాటలు సిద్ధమయ్యాయి. ఆలోచన ఎక్కడ మొదలుపెట్టాలి?

వినేవారి చేతిలో ఉన్న పరికరం దగ్గర మొదలుపెట్టండి. మీ పాటను ఎవరు, ఎక్కడ, దేని మీద వింటారో తేలకుండా సీడీయా, వినైలా (గ్రామఫోను తరహా రికార్డా), స్ట్రీమింగా అని చర్చించుకుంటే డబ్బూ సమయమూ రెండూ వృథా అవుతాయి. బతుకమ్మ పాట పాడిన బృందానికి శ్రోతలు దాదాపు అందరూ యూట్యూబ్‌లోనే దొరుకుతారు. కర్ణాటక సంగీత విద్వాంసుడికి కచేరీ అయ్యాక వేదిక దగ్గరికి వచ్చి పలకరించే పెద్దవారు, విదేశాల్లో ఉన్న శిష్యుల కుటుంబాలు ముఖ్యమైన కొనుగోలుదారులు. భజన మండలికి గుడి మైకు సెట్టు, కారు స్టీరియో, ట్రాక్టరు మీద బిగించిన స్పీకరు ముఖ్యం. ఈ ముగ్గురికీ ఒకే సలహా పనికిరాదు. అయితే డిజిటల్ విడుదల అందరికీ తప్పనిసరి. దానికి తోడు సీడీ, రికార్డు వంటి వస్తురూపం ఒక్కటి చాలు, అదీ మీ శ్రోతకు సరిపడేదైతేనే.

స్ట్రీమింగ్ ఒక్కటే సరిపోదా?

పాట నలుగురికీ చేరడానికి సరిపోతుంది. ఖర్చు రాబట్టుకోవడానికి చాలామందికి సరిపోదు. స్పాటిఫైలో ఒక పాటను కనీసం 30 సెకన్లు వింటేనే అది లెక్కలోకి వస్తుంది. అంటే మూడు నిమిషాల జానపద గీతానికీ, నలభై నిమిషాల రాగం తానం పల్లవికీ లెక్కలో పడేది ఒక్కటే. ఈ ఏర్పాటులో పొడవైన సంగీతం పాడేవారు మొదటినుంచీ వెనుకబడి ఉంటారు. 2024 నుంచి ఆ సంస్థ మరో నిబంధన కూడా తెచ్చింది. అంతకు ముందు 12 నెలల్లో 1,000 సార్లు వినబడని పాటకు రాయల్టీ లెక్కించడం లేదు. కొత్త కళాకారుల పాటలు చాలావరకు ఈ గీత కిందే ఉండిపోతాయి కనుక, వచ్చే ఆదాయాన్ని నమ్ముకుని స్టూడియో అప్పు చేయవద్దని గట్టిగా చెబుతాను.

రెండో సంగతి, ఈ సేవలు శాశ్వతం కావు. మన దేశంలో రెస్సో 2024 జనవరి ఆఖరున మూతపడింది. అదే ఏడాది వింక్ మ్యూజిక్ కూడా ఆగిపోయింది. వాటిలో శ్రోతలు శ్రద్ధగా కూర్చుకున్న పాటల జాబితాలు వాటితోనే పోయాయి. స్ట్రీమింగ్‌లో పాట ఉందంటే ఎవరింట్లోనూ ఉన్నట్టు కాదు. అందుకే శ్రోత సొంతం చేసుకోగల రూపం ఇంకొకటి ఉండాలని కోరుకుంటాను. అది సీడీ కావచ్చు, కొనుక్కునే డౌన్‌లోడ్ కావచ్చు.

స్ట్రీమింగ్ సేవలకు పాటను నేరుగా పంపవచ్చా?

స్పాటిఫై, ఆపిల్ మ్యూజిక్, జియోసావన్ వంటి వాటికి సాధారణంగా పంపిణీ సంస్థ ద్వారానే పంపాలి. ఈ సంస్థలు రుసుము తీసుకునే తీరులో తేడాలున్నాయి. డిస్ట్రోకిడ్ ఏడాదికింత అని చందా తీసుకుంటుంది. సీడీ బేబీ ఒక్కో విడుదలకు ఒకసారి తీసుకుంటుంది. కొన్ని సంస్థలు ముందు ఏమీ అడగకుండా ఆదాయంలో వాటా తీసుకుంటాయి. ఏటా చందా కట్టే పద్ధతిలో, కట్టడం ఆపేస్తే పాటలు తీసేస్తారా, ఉంచుతారా అన్నది ఒప్పందంలో ముందుగా చదువుకోండి. రెండేళ్లకో పాట విడుదల చేసేవారికి ఒకసారి కట్టే పద్ధతే మేలు.

ప్రతి రికార్డింగుకూ ఐఎస్‌ఆర్‌సీ అనే 12 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉండాలి. పంపిణీ సంస్థే ఇస్తుంది. సొంతంగా కావాలంటే మన దేశంలో ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంస్థ నుంచి తీసుకోవచ్చు. పంపిణీ సంస్థ మారినప్పుడు పాత సంఖ్యనే కొనసాగించకపోతే అప్పటిదాకా వచ్చిన వినికిడి లెక్క కొత్త విడుదలకు కలవదు కాబట్టి, ఆ సంఖ్యలను పాటల పేర్ల పక్కన ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. గాయకుడి పేరు ఆంగ్ల అక్షరాల్లో ఒకసారి ఎలా రాస్తే ప్రతిసారీ అలాగే రాయాలి. ‘లక్ష్మి’ని ఒక విడుదలలో ఒక విధంగా, మరో విడుదలలో ఇంకో విధంగా రాస్తే ఒకే మనిషి పేరిట రెండు పుటలు తయారవుతాయి, వాటిని కలిపించడానికి నెలలు పడుతుంది.

స్టూడియో నుంచి ఏ ఫైళ్లు అడిగి తీసుకోవాలి?

24 బిట్ వేవ్ ఫైళ్లు (ధ్వనిని కుదించకుండా ఉంచే ఫైళ్లు), రికార్డింగు ఏ శాంపిల్ రేటులో (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలిచారన్న లెక్కలో) జరిగిందో అదే రేటులో తీసుకోండి. సాధారణంగా అది 48 లేదా 96 కిలోహెర్ట్జ్ ఉంటుంది. వాటితో పాటు సీడీకి 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ ప్రతిని మాస్టరింగ్ (విడుదలకు ముందు ధ్వనిని చివరిగా సరిదిద్దడం) చేసినవారి చేతనే చేయించుకోండి. ఎంపీ3ని తిరిగి వేవ్‌గా మార్చి పంపిణీ సంస్థకు ఇచ్చేవారున్నారు. ఫైలు పరిమాణం పెరుగుతుంది గానీ పోయిన ధ్వని తిరిగి రాదు. ఆపైన స్ట్రీమింగ్ సేవ దాన్ని మళ్లీ కుదిస్తుంది కనుక తాళాల మోత, తంబూరా నాదం చెదిరిపోయి వినిపిస్తాయి.

శబ్దం ఎంత గట్టిగా ఉండాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. స్పాటిఫై మామూలుగా పాటలన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట మొత్తం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత) స్థాయికి, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కు సర్దుతాయి. అంతకంటే గట్టిగా చేసిన పాటను తగ్గించి వినిపిస్తాయి కాబట్టి, డప్పు దెబ్బకూ తర్వాతి నిశ్శబ్దానికీ ఉన్న తేడాను చంపి శబ్దం పెంచితే దక్కేదేమీ ఉండదు. నా మాటగా మాస్టరింగ్ చేసేవారికి చెప్పండి: డప్పును డప్పులా ఉంచమని.

డౌన్‌లోడ్‌లు ఇంకా ఎవరైనా కొంటారా?

కొంటారు, కళాకారుణ్ని ఇష్టపడేవారు కొంటారు. 2008లో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఇందుకు బాగా కుదిరిన చోటు. మీరు వేవ్ లేదా ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించిన ఫైలు) ఎక్కిస్తే కొన్నవారు తమకు కావలసిన రూపంలో దించుకుంటారు. డిజిటల్ అమ్మకంలో 15 శాతం, వస్తువుల అమ్మకంలో 10 శాతం ఆ సంస్థ తీసుకుంటుంది. చెల్లింపుల రుసుము దీనికి అదనం. ధర మీరే పెట్టవచ్చు, కొనేవారు అంతకంటే ఎక్కువ ఇచ్చే వీలూ ఉంటుంది. సొమ్ము పేపాల్ ద్వారా వస్తుంది కాబట్టి ఆ ఖాతాను ముందే తెరిచి బ్యాంకు వివరాలు సరిచూసుకోండి. మన ఊళ్లలో ఈ చోటు తెలిసినవారు తక్కువ. అమెరికా, బ్రిటన్ తెలుగువారికి అమ్మడానికి మాత్రం ఇది చక్కగా ఉపయోగపడుతుంది.

సీడీలు వేయించడంలో ఇంకా అర్థం ఉందా?

ఉంది, అయితే కారణం మారింది. కొత్త కార్లలో, ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు. ఇప్పుడు సీడీ కొనేవారు చాలామంది దానితో వచ్చే పుస్తకం కోసం, మీ సంతకం కోసం, కచేరీకి వచ్చిన గుర్తు కోసం కొంటున్నారు. కాబట్టి ఖర్చు పెట్టవలసింది ఆ చిన్న పుస్తకం మీద. కీర్తనల సీడీ అయితే పూర్తి సాహిత్యం, రాగం, తాళం, కఠిన పదాలకు అర్థం, పక్కవాద్య కళాకారుల పేర్లు, రికార్డింగు జరిగిన చోటు, తేదీ ఇవ్వండి. స్ట్రీమింగ్‌లో వయొలిన్ వాయించినవారి పేరు వెతికినా దొరకని విడుదలలు ఎన్నో ఉన్నాయి. సాహిత్యం చేతిలో పట్టుకుని కూర్చుని వినే శ్రోతను గౌరవించే పని వస్తురూపంలోనే సాధ్యమని నేను నమ్ముతాను. సీడీ ప్లేయరు లేనివారి కోసం పుస్తకం చివరి పుటలో డౌన్‌లోడ్ కోడ్ ముద్రించండి.

తయారీ రెండు రకాలు. గాజు మాస్టరు నుంచి అచ్చు తీసి నొక్కే సీడీలు మన్నికైనవి. అయితే సాధారణంగా కొన్ని వందలకు తగ్గకుండా చేయించుకోవాలి. ఖాళీ సీడీ-ఆర్ డిస్కుల మీద లేజరుతో రాయడం రెండో పద్ధతి. యాభై కావాలన్నా చేస్తారు. సీడీ-ఆర్‌లో సమాచారం రంగు పొరలో ఉంటుంది కాబట్టి ఎండకూ వేడికీ త్వరగా పాడవుతుంది. నూరులోపు అయితే రెండో పద్ధతికే వెళ్లండి, మంచి డిస్కులు మీరే కొని ఇవ్వండి.

ఒక సీడీలో 74 నుంచి 80 నిమిషాలు పడుతుంది. నొక్కించే చోటికి విడి ఫైళ్లు కాకుండా డీడీపీ అనే మాస్టరు ప్రతిని పంపితే పాటల వరుస, మధ్య విరామాలు మీరు అనుకున్నట్టే వస్తాయి. ఆలాపననూ కృతినీ రెండు ట్రాకులుగా విడదీసినప్పుడు మధ్య విరామం సున్నా ఉంచమని రాతపూర్వకంగా చెప్పండి. అలా చెప్పకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటంతట అవే రెండు సెకన్ల నిశ్శబ్దం చేరుస్తాయి, శ్రుతి తెగినట్టు ఉంటుంది. ఎంపీ3 ఫైళ్లలో కూడా చివర్లలో చిన్న ఖాళీ చేరుతుంది. కచేరీ రికార్డింగును ఆ రూపంలో ఇవ్వాలంటే ఆలాపన, కృతి కలిపి ఒకే ట్రాకుగా ఉంచడం మంచిది.

కవరు మీద తెలుగు అక్షరాలు ముద్రణలో ఎందుకు చెడిపోతున్నాయి?

మన డీటీపీ కేంద్రాలలో చాలాచోట్ల ఇప్పటికీ యూనికోడ్‌కు చెందని అను ఫాంట్లతో పని జరుగుతోంది. మీరు ఫోనులో టైపు చేసి పంపిన యూనికోడ్ సాహిత్యాన్ని అక్కడ అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి, లేదా వత్తులు అక్షరం కిందికి వెళ్లకుండా పక్కన పడతాయి. డిజైను చేసినవారు అక్షరాలన్నిటినీ అవుట్‌లైన్లుగా మార్చి పీడీఎఫ్ ఇస్తే ఈ చిక్కు రాదు. ముద్రణకు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), సీఎంవైకే అనే అచ్చు రంగుల పద్ధతి, చుట్టూ 3 మిల్లీమీటర్ల అదనపు అంచు ఉండాలి. డిజిటల్ విడుదలకు 3000 పిక్సెళ్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న, తెర రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీలో బొమ్మ కావాలి. ఒకే ఫైలును రెండింటికీ పంపితే పసుపు, కుంకుమ రంగులు అచ్చులో వెలిసిపోయి వస్తాయి. కాగితం మీద ప్రూఫ్ తీయించుకుని, సాహిత్యం తెలిసిన ఒకరి చేత చదివించకుండా అచ్చుకు అనుమతి ఇవ్వకండి.

పెన్‌డ్రైవ్‌లో పాటలు అమ్మడం మంచి ఆలోచనేనా?

భక్తి, జానపద సంగీతానికి ఇది సీడీ కంటే ఉపయోగకరం. కారులో, ఆటోలో, గుడి స్పీకరులో యూఎస్‌బీ రంధ్రం తప్పక ఉంటుంది, నెట్ లేకున్నా పాట మోగుతుంది. అయితే వివరాల్లో జాగ్రత్త కావాలి. పాత స్టీరియోలు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవునే చదువుతాయి, వేవ్, ఫ్లాక్‌లను గుర్తించకపోవచ్చు. అందువల్ల 320 కేబీపీఎస్ ఎంపీ3లు పెట్టి, నాణ్యత కోరేవారి కోసం మరో ఫోల్డరులో ఫ్లాక్ ఉంచండి. ఫైలు పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేయకపోతే మంగళహారతి మొదట, వినాయక ప్రార్థన చివర మోగే ప్రమాదం ఉంది. చాలా స్టీరియోలు తెలుగు లిపిని చూపలేక గళ్లు చూపిస్తాయి. పాట పేరును ఆంగ్ల అక్షరాల్లో ఇచ్చి, తెలుగు పేర్ల జాబితాను డబ్బా మీద ముద్రించండి. బజారులో టోకుగా దొరికే చవక డ్రైవులలో రాసిన సామర్థ్యం నిజంగా ఉండనివి కలుస్తాయి కాబట్టి, ప్రతి డ్రైవులో పాటలు ఎక్కించాక చివరి పాట ఆఖరిదాకా మోగుతుందో లేదో చూడాలి.

వినైల్ రికార్డు వేయించాలని చాలా కోరికగా ఉంది. చేయవచ్చా?

ముందుగా సొమ్ము చేతికొచ్చే దారి ఉంటే చేయండి. వినైల్‌కు మళ్లీ ఆదరణ వచ్చిన మాట నిజమే. అమెరికాలో 2022లో సీడీల కంటే వినైల్ రికార్డులే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి, 1987 తర్వాత అలా జరగడం అదే మొదలు. అది అక్కడి మార్కెట్. మన ఊళ్లో మీ పాట కొనేవారిలో టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే పరికరం) ఉన్నవారు ఎందరో లెక్కపెట్టుకోండి. విదేశంలో నొక్కిస్తే రవాణా, కస్టమ్స్ సుంకం తోడై ఒక్కో రికార్డు ధర బాగా పెరుగుతుంది, చేతికి రావడానికి నెలలు పడుతుంది.

చేయాలని నిశ్చయించుకుంటే, సంగీతాన్ని ఆ రూపానికి తగ్గట్టు అమర్చుకోవాలి. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే 12 అంగుళాల రికార్డులో ఒక్కో వైపు 18 నుంచి 22 నిమిషాలు బాగా పడుతుంది. అంతకు మించితే గాళ్లు (సూది నడిచే చాళ్లు) ఇరుకై శబ్దం తగ్గుతుంది, గరగర పెరుగుతుంది. సూది లోపలి గాళ్లకు వచ్చేసరికి స, శ, ష ధ్వనులు చీలినట్టు వినిపిస్తాయి. కాబట్టి హోరుగా సాగే పాటలను ప్రతి వైపూ మొదట, నెమ్మదైన పాటలను చివర పెట్టండి. మంద్రస్థాయి (బేస్) ధ్వనులు కుడి, ఎడమ చానెళ్లు రెండింటిలోనూ సమానంగా ఉండాలి, లేకపోతే సూది గాడి దాటిపోతుంది. స్ట్రీమింగ్ కోసం చేసిన మాస్టరును అలాగే పంపక, వినైల్ కటింగ్ తెలిసినవారి చేత వేరేగా చేయించండి. పరీక్ష ప్రతిని రెండు వేర్వేరు టర్న్‌టేబుళ్ల మీద పూర్తిగా వినకుండా మిగతావి నొక్కమని చెప్పవద్దు. చివరగా, రికార్డు ప్లాస్టిక్కే. రోహిణి కార్తె ఎండలో కారు డిక్కీలో వదిలేసిన పెట్టె సాయంత్రానికి పనికిరాదు.

కేసెట్ సంగతేమిటి?

1980లు, 90లలో మన హరికథలు, బుర్రకథలు, పల్లె పాటలు ఇంటింటికీ చేరింది కేసెట్ మీదే. ఆ ప్రేమతో చేయించుకోవాలనుకుంటే యాభై ప్రతులు చాలు. కొత్త టేపు, బాగు చేసే మెకానిక్కు, రెండూ దొరకడం కష్టం.

ఎన్ని ప్రతులు చేయించాలి?

రాబోయే ఆరు నెలల్లో మీరు స్వయంగా నిలబడి అమ్మగలిగినన్ని. దుకాణాలను లెక్కలోకి తీసుకోవద్దు. ఉదాహరణకు 300 సీడీలకు, పుస్తకంతో సహా, ఒక్కోటి 100 రూపాయలు పడిందనుకుందాం, ఖర్చు 30,000. ధర 250 రూపాయలు పెడితే 120 అమ్ముడుపోయేసరికి పెట్టుబడి వస్తుంది. ఏడాదికి ఎనిమిది కచేరీలు చేసేవారికి ఒక్కో చోట పదిహేను అమ్మితే సరిపోయే లెక్క ఇది. కచేరీలే లేనివారికి 300 చాలా ఎక్కువ. ప్రతులు పోస్టులో పంపే ఖర్చు, ఉచితంగా ఇవ్వక తప్పని గురువులు, బంధువులు, పత్రికల ప్రతులు కూడా ఈ లెక్కలో కలపండి. తానా, ఆటా వంటి అమెరికా తెలుగు సంఘాల మహాసభలలోనో, క్లీవ్‌లాండ్ త్యాగరాజ ఆరాధనలోనో పాడబోతుంటే మాత్రం ఒక పెట్టె అదనంగా చేయించుకోవడం సమంజసం.

అన్నమయ్య కీర్తనలు, పాత సినిమా పాటలు పాడితే రూపాన్ని బట్టి హక్కులు మారతాయా?

చాలామంది పొరబడే చోటు ఇదే కనుక కాస్త వివరంగా చెబుతాను. మన చట్టం ప్రకారం రచనకు, స్వరానికి హక్కు కర్త మరణించాక 60 ఏళ్లు ఉంటుంది. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా పాడవచ్చు. కానీ తిరుమల రాగిరేకుల మీద ఉన్నది సాహిత్యం, రాగం పేరు మాత్రమే, స్వరాలు లేవు. నేడు మనం పాడుకునే బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దిలో కట్టినవి. 1979లో కన్నుమూసిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అన్నమయ్య కీర్తనలకు కట్టిన బాణీలకు 2039 చివరిదాకా రక్షణ ఉంటుంది. అందువల్ల ఏ బాణీ పాడుతున్నారో, దాని హక్కు ఎవరిదో తెలుసుకుని అనుమతి తీసుకోండి, పుస్తకంలో స్వరకర్త పేరు వేయండి. బాణీ మీరే కట్టుకుంటే ఆ హక్కు మీదే.

సినిమా పాటను మళ్లీ పాడి విడుదల చేయడానికి కాపీరైటు చట్టంలోని 31సీ సెక్షను దారి చూపుతుంది, కానీ ఆ దారి ఇరుకు. మొదటి రికార్డింగు వెలువడిన సంవత్సరం తర్వాత ఐదేళ్లు గడవాలి. హక్కుదారుకు ముందస్తు నోటీసు, కవరు నమూనాలు ఇచ్చి, రాయల్టీ ముందే చెల్లించాలి. కనీసం 50,000 ప్రతులకు లెక్కగట్టాలి. కవరు మీద పాత గాయకుల పేర్లు, బొమ్మలు ఉండకూడదు. చివరి రికార్డింగు ఏ మాధ్యమంలో వచ్చిందో మీదీ అదే మాధ్యమంలో రావాలి, ఆ మాధ్యమం వాడుకలో లేకుండా పోతే తప్ప. రెండు వందల సీడీలు వేసుకునే బృందానికి ఇది మోయలేని భారం. హక్కుదారు నుంచి నేరుగా లైసెన్సు తీసుకోవడమో, సొంత పాట పాడుకోవడమో మేలు. సొంత పాటలు రాసి స్వరపరిచేవారు రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్‌ అనే సంస్థలో సభ్యత్వం తీసుకుంటే, బయట ఆ పాటలు వినియోగమైనప్పుడు రావలసిన రాయల్టీ అందే వీలుంటుంది.

అన్ని రూపాలూ ఒకే రోజు విడుదల చేయాలా?

అవసరం లేదు. వస్తువు ముందు తయారై చేతికి వచ్చాకే తేదీ ప్రకటించండి. డిజిటల్ ఫైళ్లను పంపిణీ సంస్థకు మూడు, నాలుగు వారాల ముందు ఇవ్వండి; స్పాటిఫైలో పాటను, పాటల జాబితాలు కూర్చే సంపాదకుల పరిశీలనకు కనీసం ఏడు రోజుల ముందు పంపాలి. పండుగ పాటకు ఈ గడువులు ఇంకా ముఖ్యం. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు వస్తుంది కాబట్టి పాట వినాయక చవితికల్లా జనంలోకి వెళ్లాలి. అంటే మాస్టరు శ్రావణమాసంలోనే సిద్ధం కావాలి.

విడుదల తర్వాత మాస్టర్లను ఎలా దాచాలి?

24 బిట్ మాస్టర్లు, వాద్యాల విడి ట్రాకులు, గాత్రం లేని మిక్స్, కవరు మూల ఫైళ్లు, సాహిత్యం, ఒప్పందాల స్కాన్లు ఒకే ఫోల్డరులో చేర్చి మూడు ప్రతులు చేయండి. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కులలో, ఒకటి క్లౌడ్‌లో ఉంచండి. హార్డ్‌డిస్కులలో ఒకటి వేరే ఊళ్లో నమ్మకస్తుల ఇంట్లో ఉండాలి. స్టూడియోలో భద్రంగా ఉంటాయనే భరోసా పెట్టుకోవద్దు, స్టూడియోలు తమ డిస్కులు ఖాళీ చేసుకుంటూనే ఉంటాయి. ఏడాదికోసారి డిస్కు తెరిచి ప్రతి పాటా మొదటినుంచి చివరిదాకా మోగించి చూడండి, ఐదారేళ్లకోసారి కొత్త డిస్కుకు మార్చండి. రేపు మరో రూపం వాడుకలోకి వచ్చినా, ఏదైనా సంస్థ పాటను సినిమాకో ప్రకటనకో అడిగినా, మొదట పంపమనేది ఆ 24 బిట్ వేవ్ ఫైలునే.